సూడోమోనాస్ వేశాం, తెగులు ఆగలేదు: ఎందుకు?

ఖరీఫ్ విత్తనాల ముందు ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు సూడోమోనాస్, బాసిల్లస్ పొడుల గురించే ఉన్నాయి. ఇవి తెగుళ్ళను అడ్డుకోవడానికి వాడే బతికున్న బాక్టీరియా. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వేరుశనగ మొలిచిన రెండు మూడు వారాల్లో మొక్కలు మొదలు దగ్గర నల్లబడి పడిపోతున్నాయి. కిందటేడు ఎకరాకు 2 కిలోల సూడోమోనాస్ పొడిని ఇసుకలో కలిపి చల్లాను. ఏమీ తేడా లేదు. మోతాదు పెంచమంటారా? (కదిరి నుంచి ఒక రైతు)

జవాబు: మోతాదులో లోపం లేదు, వేసిన చోటులో ఉంది. లెక్క చూడండి. నాణ్యమైన పొడిలో గ్రాముకు 10 కోట్ల బతికున్న కణాలుంటాయి. అంటే 2 కిలోల్లో 20,000 కోట్లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ ఎకరా పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. చల్లిన కణాలన్నీ సమానంగా పరుచుకున్నా గ్రాము మట్టికి వచ్చేది 220 మాత్రమే. ఆ గ్రాములో అప్పటికే కోట్ల సంఖ్యలో స్థానిక సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయి. మీరు వేసినవి వాటి మధ్య లెక్కలోకే రావు. పైగా పొడి ఇసుకతో కలిపి ఎండలో చల్లితే చాలావరకు వేరు దాకా చేరకుండానే చచ్చిపోతాయి.

అదే పొడిని గింజకు పట్టిస్తే లెక్క మారుతుంది. కిలో గింజలకు 10 గ్రాములంటే 100 కోట్ల కణాలు. 100 గింజలు 40 గ్రాములు తూగే రకమైతే కిలోకు 2,500 గింజలు, అంటే గింజకు 4 లక్షల కణాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గోధుమ వేరుకుళ్ళు మీద జరిగిన పరిశోధనల్లో, తెగులు అదుపులోకి రావాలంటే గ్రాము వేరుకు కనీసం లక్ష సూడోమోనాస్ కణాలు ఉండాలని తేలింది. పంటను బట్టి, తెగులును బట్టి ఆ అంకె మారవచ్చు గాని, పోరాటం జరిగేది వేరు ఉపరితలం మీదేనన్నది మారదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకున్నట్టు, శిలీంధ్రం కన్నా ముందు ఈ బాక్టీరియా వేరును ఆక్రమించాలి. ఆక్రమించాక వేరు నుంచి ఊరే చక్కెరలను, ఆమ్లాలను తానే తింటుంది. ఇనుమును పట్టి ఉంచే సిడరోఫోర్లను వదిలి చుట్టుపక్కల శిలీంధ్రాలకు ఇనుము అందకుండా చేస్తుంది. కొన్ని రకాలు శిలీంధ్రాలను చంపే యాంటీబయాటిక్‌లను కూడా తయారుచేస్తాయి. మొక్కలోని రక్షణ వ్యవస్థను ముందే మేల్కొలపడం ఇంకో ప్రయోజనం. ఇవన్నీ తెగులు రాకముందు జరిగే పనులు.

మీరు చెప్పిన లక్షణం ఆస్పర్జిల్లస్ నైజర్ వల్ల వచ్చే మొదలుకుళ్ళు. కుళ్ళిన చోట నల్లటి బూజు పొడి కనిపిస్తే అదే. ఈ తెగులు విత్తనం ద్వారానూ, నేల ద్వారానూ వస్తుంది కాబట్టి విత్తనశుద్ధి తప్పదు. తెగులు ఏటా ఎక్కువగా వచ్చే పొలమైతే బాక్టీరియా ఒక్కదాన్నే నమ్ముకోమని మేం చెప్పం. ముందు కిలో గింజలకు 1 గ్రాము టెబుకోనజోల్ 2 డి.ఎస్. శిలీంధ్రనాశని పట్టించండి. వేరుపురుగు బెడద ఉంటే 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పురుగుమందు పట్టించి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. బాక్టీరియా చివరి పూత, అదీ విత్తే రోజే.

10 కిలోల గింజలకు 100 గ్రాముల పొడి తీసుకుని 100 మి.లీ. మించకుండా చల్లారిన పలుచటి గంజితో ముద్దలా కలపండి. గంజి వేడిగా ఉంటే బాక్టీరియా అక్కడే చస్తుంది. గోనెపట్టా మీద గింజలు పోసి, ముద్దను కొద్దికొద్దిగా వేస్తూ అరచేతులతో మెల్లగా దొర్లించాలి. వేరుశనగలో జరిగే పెద్ద పొరపాటు నీళ్ళు ఎక్కువ పోయడం. గింజ పైపొర నాని ఊడిపోతుంది. పొర ఊడిన గింజ మొలవకముందే కుళ్ళుతుంది, నింద బాక్టీరియా మీద పడుతుంది. గింజలు చేతికి అంటుకోకుండా అయ్యేదాకా అరగంట నీడలో ఆరబెట్టి అదే పూట విత్తండి. తడిగా ఉండగా సీడ్ డ్రిల్లులో పోస్తే గొట్టాల్లో ఇరుక్కుని సాళ్ళల్లో ఖాళీలు పడతాయి.

మెట్ట సాగులో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సూడోమోనాస్ గట్టి పెంకు గల బీజాలు (స్పోర్లు) కట్టదు. పదును లేని నేలలో, ఎండలో త్వరగా నశిస్తుంది. వాన పడుతుందని నమ్మి పొడి దుక్కిలో విత్తేవాళ్ళు బాసిల్లస్ సబ్టిలిస్‌ను ఎంచుకోవడం మేలు. అది గట్టి పెంకు గల బీజాలుగా మారి వేడిని, ఎండును తట్టుకుని తడి తగిలాక మళ్ళీ లేస్తుంది.

నేలలో కూడా వేయాలనుకుంటే ఎకరాకు 1 కిలో పొడిని 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీళ్ళు చిలకరించి, ఆ రోజో మర్నాడో విత్తే సాలులో పడేలా వేయండి. మొత్తం మీద వెదజల్లకండి. ఎరువులో వారం పది రోజులు నీడలో మాగబెట్టే పద్ధతి ట్రైకోడెర్మాది, అది తెగుళ్ళను అడ్డుకునే శిలీంధ్రం. సూడోమోనాస్‌కు అన్ని రోజులు అక్కర్లేదు. పంట ఊడలు దిగే దశలో తెల్లటి బూజు, ఆవగింజంత గోధుమరంగు గుళికలతో వచ్చే కాండం కుళ్ళుకు మాత్రం ఈ బాక్టీరియా కన్నా ట్రైకోడెర్మాయే మా ఓటు.

ప్రశ్న: టమాటా కాపు మీద ఉండగా పచ్చగానే వాడిపోయి రెండు మూడు రోజుల్లో చనిపోతోంది. దుకాణంలో ఇచ్చిన సూడోమోనాస్ పాదుల్లో పోశాం. అయినా చెట్లు పోతూనే ఉన్నాయి. (మదనపల్లె)

జవాబు: ముందు అది ఏ తెగులో తేల్చుకోండి, ఐదు నిమిషాల పని. వాడిన మొక్క కాండాన్ని నేలకు కాస్త పైన కోసి, ఒక జానెడు లోపు ముక్కను పారదర్శకమైన గాజు గ్లాసులోని మంచినీళ్ళలో కోసిన వైపు మునిగేలా కదలకుండా పట్టుకోండి. కోసిన చోటు నుంచి పాలలాంటి తీగలు కిందికి దిగితే అది రాల్స్టోనియా వల్ల వచ్చే బాక్టీరియా ఎండు తెగులు. తీగలు రాకుండా, కింది ఆకులు ముందు పసుపు రంగుకు తిరిగి, కాండం లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుసేరియం ఎండు తెగులు. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది.

వాడిపోయిన చెట్టులో రాల్స్టోనియా నీటి నాళాల లోపలికి చేరి వాటిని పూడ్చేసి ఉంటుంది. మీరు పోసిన సూడోమోనాస్ వేరు బయట ఉంటుంది. లోపల ఉన్నదాన్ని అది తాకలేదు. కాబట్టి ఇప్పుడు పోసినా డబ్బు దండగే. వాడిన మొక్కలను వేరు చుట్టూ మట్టితో సహా తవ్వి సంచిలో వేసి పొలం బయటికి తీసుకెళ్ళండి. సాళ్ళ మీదుగా ఈడ్చుకెళ్ళకండి. గుంతలో బ్లీచింగ్ పౌడర్ చల్లి మూసేయండి. కాలువ పారకం ఉంటే తెగులున్న మడి నీళ్ళు మంచి మడిలోకి పోకుండా కట్టేయండి. ఈ తెగులు ఎక్కువగా నీళ్ళతో, పారలతో, కాళ్ళకంటిన మట్టితో పాకుతుంది.

బాక్టీరియాకు అసలు పని వచ్చే పంటలో ఉంది. ఆ చేనులో టమాటా, వంగ, మిరప, బంగాళదుంప కాకుండా కనీసం రెండు కార్లు మొక్కజొన్న లేదా రాగి వేయండి, నీటి వసతి ఉంటే వరి. తర్వాత నారును ట్రేలలో పెంచుకుంటే కొబ్బరి పొట్టులోనే పొడి కలపండి. నాటే ముందు లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపిన నీళ్ళలో వేర్లను 20 నుంచి 30 నిమిషాలు ముంచి నాటాలి. నాటిన 15, 30 రోజులకు అదే ద్రావణం మొక్క మొదట్లో పోయండి. దుక్కిలో బ్లీచింగ్ పౌడర్ ఎకరాకు 6 కిలోలు వాడతారు గదా, దానికీ బాక్టీరియాకూ మధ్య కనీసం రెండు వారాల వ్యవధి, ఒక తడి ఉండాలి. లేకపోతే పగవాడితో పాటు మీరు పంపిన కాపలావాడూ పోతాడు.

పీకిన మొక్కల వేర్లను కడిగి చూడండి. బుడిపెలు ఉంటే నులిపురుగులు ఉన్నట్టు. అవి చేసిన గాయాల్లోంచే రాల్స్టోనియా దూరుతుంది. ఆ నేలలో నులిపురుగుల సంగతి చూడకుండా ఎంత సూడోమోనాస్ పోసినా సగం పనే. ఏటా ఈ తెగులు వచ్చే చేనులో, తెగులును తట్టుకునే వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు వేసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. ధర ఎక్కువే. కానీ సగం తోట పోయాక పెట్టే ఖర్చు కన్నా తక్కువ.

ప్రశ్న: మిరప నారుమడిలో నారుకుళ్ళు రాకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ పోస్తున్నాం. దానితో సూడోమోనాస్ కూడా కలిపి పోయొచ్చా? (గుంటూరు జిల్లా)

జవాబు: వద్దు. రాగి బాక్టీరియాను చంపుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, స్ట్రెప్టోమైసిన్ ఉన్న మందులు, బ్లీచింగ్ పౌడర్: ఈ నాలుగింటిలో దేనితోనూ కలపకూడదు, ముందూ వెనకా కనీసం రెండు వారాల ఎడం పాటించాలి. మాంకోజెబ్‌తో కూడా కలపకపోవడమే మంచిది. కార్బెండజిమ్ సంగతి వేరు. అది శిలీంధ్ర కణాల మీదే పనిచేస్తుంది కాబట్టి సూడోమోనాస్‌కు పెద్దగా హాని చేయదు. కాని ట్రైకోడెర్మాను మాత్రం తుడిచిపెట్టేస్తుంది. ఈ రెండు పొడులూ ఒకలాంటివే అనుకుని ఒకే నియమం పాటించేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

మీ సెంటు నారుమడికి ఇలా చేయండి: ఎకరాకు సరిపడే 650 గ్రాముల విత్తనానికి 7 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించండి. మడిని 15 సెం.మీ. ఎత్తు లేపి, మీటరు వెడల్పున కట్టి, చుట్టూ మురుగు కాలువ తీయండి. అర కిలో పొడిని 10 కిలోల చివికిన ఎరువులో కలిపి పైమట్టిలో కలపండి. విత్తనం ఒత్తుగా పోసి, నీళ్ళు రోజుకు మూడుసార్లు చల్లితే నారుకుళ్ళు తెచ్చే పిథియంకు అంతకన్నా కావలసింది లేదు. నారు గుంపులుగా పడిపోవడం మొదలైతే బాక్టీరియా మీద ఆశ వదిలి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పోయండి. రెండు వారాలు ఆగి, నాటేటప్పుడు వేర్లు ముంచే దశలో సూడోమోనాస్‌కు తిరిగి రండి.

ప్రశ్న: బత్తాయి తోటకు డ్రిప్‌లో సూడోమోనాస్ వదిలితే డ్రిప్పర్లు పూడుకుపోయాయి. (నల్గొండ)

జవాబు: పూడుకుంది బాక్టీరియాతో కాదు, టాల్క్‌తో. అది బాక్టీరియాను పట్టి ఉంచడానికి పొడిలో వాడే, నీళ్ళలో కరగని రాతిపొడి. డ్రిప్‌కు ద్రవరూపంలో దొరికేదే కొనండి. పొడి ఒక్కటే చేతిలో ఉంటే దాన్ని పాదుల్లో ఎరువుతో వేయడమే సరి. ద్రవమైనా సరే, ముందు అరగంట మామూలు నీరు పారించి నేల తడిశాక వెంచూరి (మందును డ్రిప్ నీటిలోకి లాగే అమరిక) ద్వారా ఇవ్వండి, తర్వాత పది పదిహేను నిమిషాలు ఉత్త నీరు వదిలి గొట్టాలు కడగండి. డ్రిప్‌కు ఆమ్లం, క్లోరిన్ పట్టించే వారంలో దీని జోలికి పోవద్దు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి పంపొద్దు. ఇప్పుడు పూడుకున్న డ్రిప్పర్లకు ఆమ్లం పనిచేయదు, టాల్క్ ఆమ్లంలో కరగదు. లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న గొట్టాల) చివరలు విప్పి ఒత్తిడితో నీరు వదలాలి.

ప్రశ్న: ఒక కిలో పొడి కొని 200 లీటర్ల డ్రమ్ములో 2 కిలోల బెల్లంతో వారం ఉంచితే వంద రెట్లు అవుతుందంటున్నారు. నిజమేనా? మా రైతు సంఘం సొంతంగా తయారుచేసుకోవాలంటే ఏం కావాలి? (వరంగల్ జిల్లా)

జవాబు: డ్రమ్ములో వంద రెట్లు అయ్యేది ఏదో ఒకటి ఉంటుంది, అది సూడోమోనాస్ కాకపోవచ్చు. ఇది గాలి పీల్చి బతికే బాక్టీరియా. మూతపెట్టి కదలకుండా ఉంచిన డ్రమ్ములో ఒక రోజులోనే ఆక్సిజన్ అడుగంటుతుంది. బెల్లం నీళ్ళలో గాలి లేకుండా హాయిగా పెరిగేవి ఈస్టులు, లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. అవి ద్రావణాన్ని పుల్లబెడతాయి, ఆ పులుపులో మీరు వేసినది నశిస్తుంది. మూత తీస్తే కల్లు వాసనో పుల్లటి వాసనో వస్తే జరిగింది అదే. దాన్ని పోస్తే పొలానికి నష్టం లేకపోవచ్చు, తెగులు మాత్రం ఆగదు. పంపు నీళ్ళలో క్లోరిన్ ఉంటే అసలు మొదలే కాదు.

సరైన తయారీ ఇలా ఉంటుంది. నమ్మకమైన పరిశోధన స్థానం నుంచి శుద్ధమైన మూల కల్చర్ తేవాలి. లీటరు నీటికి 20 గ్రాముల పెప్టోన్, 10 మి.లీ. గ్లిసరాల్, డైపొటాషియం ఫాస్ఫేట్ 1.5 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 1.5 గ్రాములు కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) శుద్ధిచేసిన కింగ్స్ బి మాధ్యమంలో వేసి, షేకర్ మీద గాలి తగిలేలా ఊపుతూ 28 డిగ్రీల దగ్గర 48 గంటలు పెంచాలి. పొడి కోసం కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990లలో శనగ ఎండు తెగులు పనిలో రూపొందించిన పద్ధతినే చాలామంది అనుసరిస్తున్నారు: కిలో టాల్క్‌కు తటస్థ స్థితి కోసం 15 గ్రాముల కాల్షియం కార్బొనేట్, అంటుకోవడానికి 10 గ్రాముల కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ కలిపి, వరుసగా రెండు రోజులు రోజుకు 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేస్తారు. చల్లారాక మి.లీ.కు 90 కోట్ల కణాలున్న కల్చర్ 400 మి.లీ. కలుపుతారు. నీడలో తేమ 20 శాతం కన్నా తగ్గేదాకా ఆరబెట్టి సంచుల్లో సీలు వేస్తారు. లెక్క వేస్తే గ్రాముకు 36 కోట్ల కణాలతో మొదలవుతుంది. నిల్వలో తగ్గుతూ వచ్చి వాడే నాటికి 10 కోట్లకు తగ్గకూడదన్నదే లక్ష్యం.

ఆటోక్లేవ్, షేకర్, క్రిములు లేని గాలి ఆడే లామినార్ గది, ప్రతి బ్యాచ్‌ను పలుచన చేసి పళ్ళాల మీద లెక్కించగల మనిషి: ఈ నాలుగూ లేకపోతే మొదలుపెట్టకండి. కింగ్స్ బి పళ్ళెం మీద పెరిగిన కాలనీలు అతినీలలోహిత దీపం కింద పసుపు పచ్చగా మెరుస్తాయి, తొలి పరీక్ష అదే. కానీ రోగకారక సూడోమోనాస్ ఎరుజినోసా కూడా మెరుస్తుంది. అది 42 డిగ్రీల వద్ద పెరుగుతుంది, మనం వాడే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పెరగదు. ఈ రెండో పరీక్ష మానొద్దు. బ్యాచ్ కలిపేవాళ్ళకు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. సొంత పొలాల వరకు సరే. అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీవ సంబంధమైనదైనా చట్టం దృష్టిలో అది మందే.

ప్రశ్న: వరిలో పాముపొడ తెగులుకు, బాక్టీరియా ఎండాకు తెగులుకు ఒకే పొడి పనిచేస్తుందా? (పశ్చిమ గోదావరి)

జవాబు: మీ దగ్గర మాగుడు అనే పాముపొడ తెగులుకు ముందుగా వాడితే ఉపయోగం కనిపిస్తుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి లీటరు నీటిలో కలిపి 24 గంటలు నానబెట్టి మండె కట్టండి. నాటే ముందు 10 చదరపు మీటర్ల మడి కట్టి రెండున్నర సెంటీమీటర్ల నీరు నిలిపి, కిలో పొడి కలిపి, ఎకరాకు సరిపడే నారు కట్టల వేర్లను అరగంట ఉంచండి. పిలకల దశలో లీటరుకు 10 గ్రాముల చొప్పున సాయంత్రం పూట పిచికారీ చేయండి. నాజిల్ ఆకుల మీదికి కాదు, దుబ్బు మొదలు వైపు పెట్టండి. ఈ శిలీంధ్రపు గుళికలు నీటి మీద తేలుతూ వచ్చి నీటిమట్టం దగ్గర కాండానికి అంటుకుంటాయి, దాడి అక్కడే మొదలవుతుంది. మచ్చలు పై ఆకుల తొడిమలకు ఎక్కాక బాక్టీరియాతో కాలయాపన చేయకుండా వాలిడామైసిన్ లేదా హెక్సాకోనజోల్ లీటరుకు 2 మి.లీ. కొట్టండి.

ఎండాకు తెగులు దగ్గర మా జవాబు అంత ఉత్సాహంగా ఉండదు. గాలివానకు ఆకులు చిరిగి తెగులు పాకుతున్న చేలో ఏ జీవ మందూ దాన్ని ఆపలేదు. యూరియా వెంటనే ఆపి, మడిలో నీరు తీసి ఆరగట్టండి. తెగులు ఏటా వచ్చే చోట సాంబ మసూరి వేసేవాళ్ళు, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చొప్పించి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి మారడం మేలు.

ప్రశ్న: ప్యాకెట్ మంచిదో కాదో దుకాణంలోనే తెలిసేదెలా? (ఖమ్మం)

జవాబు: బతికున్నవెన్నో కళ్ళతో చూసి చెప్పలేం. చూడగలిగింది లేబులే: బాక్టీరియా పూర్తి పేరు, గ్రాముకు సి.ఎఫ్.యు. (బతికున్న కణాల) లెక్క, రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ. పొడి రూపం సూడోమోనాస్‌ను తయారై మూడు నెలలు దాటాక కొనకపోవడం మంచిది, గడువు ఎంత ఉన్నా. రేకుల కప్పు కింద, ఎండ తగిలే అరల్లో పెట్టే దుకాణంలో అసలు కొనొద్దు. మీ ఇంట్లోనూ యూరియా బస్తాల పక్కన కాకుండా చల్లని గదిలో పెట్టండి. అనుమానం ఉంటే దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు.

ప్రశ్న: మల్బరీ తోటలో వేరుకుళ్ళుకు బాసిల్లస్ వాడమన్నారు. బాసిల్లస్ అంటే పట్టుపురుగులు చస్తాయని మరొకరు భయపెట్టారు. (హిందూపురం)

జవాబు: ఇద్దరూ చెప్పింది వేర్వేరు బాసిల్లస్‌ల గురించి. తెగుళ్ళకు వాడేది బాసిల్లస్ సబ్టిలిస్. పట్టుపురుగును చంపేది బాసిల్లస్ తురింజెన్సిస్, అంటే బి.టి. గొంగళిపురుగు తిన్న ఆకుతో లోపలికి పోయి పేగును దెబ్బతీస్తుంది. పట్టుపురుగూ గొంగళిపురుగే. అసలు ఈ బాక్టీరియాను 1901లో జపాన్‌లో మొదట గుర్తించింది చచ్చిపోతున్న పట్టుపురుగుల్లోనే. కాబట్టి ప్యాకెట్ మీద రెండో పేరు చదవకుండా కొనొద్దు. సబ్టిలిస్ అయినా మల్బరీకి ఆకుల మీద కాక పాదుల్లోనే వేయండి. పక్క పొలం వాళ్ళు వంగకో క్యాబేజీకో బి.టి. కొట్టే రోజు ముందే చెప్పమని అడగండి. ఆ మందు గాలికి వచ్చి పడిన వరుసల ఆకు పురుగులకు వేయకండి. బి.టి. కొట్టిన స్ప్రేయరును మల్బరీ తోటలోకి తేకండి, ఎంత కడిగినా సరే.